ముందు ఇల్లు, తరువాత ఊరు

సభకు నమస్కారం.

నగర శివారులో ఇల్లు కట్టుకున్నామని చెప్పగానే అవతలివాళ్లు అడిగే మొదటి మాట "ఎంత దూరం?" అని. నన్నడిగితే, అడగవలసింది అది కాదు. అక్కడ ఏది ముందు వచ్చింది, ఏది ఇంకా రాలేదు అని అడగాలి. పెరుగుతున్న శివారులో ఇల్లు ముందు వస్తుంది. వెనకే కరెంటు వస్తుంది. రోడ్డు కొంత వస్తుంది, కొంత రాదు. నీళ్ల గొట్టం ఎప్పుడో వస్తుంది, వచ్చేటప్పుడు ఆ వచ్చిన కొంత రోడ్డునూ తవ్వుకుంటూ వస్తుంది. మురుగు కాలువది అన్నిటికన్నా చివరి వంతు. అది భూమి లోపల ఉంటుంది కదా, ప్రారంభోత్సవం చేసినా ఫొటోలో కనిపించదు! కాలనీ ముఖద్వారానికి మాత్రం రంగురంగుల కమాను ఎప్పుడో లేచి ఉంటుంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

దూరం సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చేజారే మార్కెట్టి 1994లో ఒక విషయం రాశారు. ఏ కాలంలోనైనా మనిషి రోజుకు సగటున ఒక గంట ప్రయాణానికి ఇస్తాడట. వాహనం వేగం పెరిగితే ఆ గంటను మిగుల్చుకోడు, ఇంకాస్త దూరం వెళ్లి ఇల్లు కట్టుకుంటాడు. కాలినడక రోజుల్లో ఊళ్లు అయిదు కిలోమీటర్ల వెడల్పు దాటకపోవడానికి కారణం అదేనంటారాయన. బాగానే ఉంది. కానీ అది సగటు లెక్క. బస్సు ఇంకా రాని వీధిలో ఉన్నవాళ్లకు, బస్సు ఆగే చోటికి నడవడానికే ఆ గంటలో సగం పోతుంది.

ఇల్లు ముందు, వసతులు తరువాత అన్న ఈ వరుస ఇలాగే ఉండాలన్న రూలు ఎక్కడా లేదు. లండన్‌లో 1863లో భూగర్భ రైలు మొదలుపెట్టిన మెట్రోపాలిటన్ రైల్వే, తరువాత తన లైను పొడవునా ఇళ్ల స్థలాలు అమ్మింది. దానికి ప్రయాణికులు కావాలి, కాబట్టి పట్టాలు ముందు, ఇళ్లు తరువాత. స్టాక్‌హోమ్ శివారులోని వెల్లింగ్‌బీకి 1952లోనే మెట్రో చేరింది, 1954లో దాని వ్యాపార కేంద్రం తెరుచుకుంది. ఉద్యోగం, ఇల్లు, బజారు మూడూ ఒకచోటే ఉండాలన్నది అక్కడి ప్రణాళిక. ఇందుకు భిన్నమైనది న్యూయార్క్ దగ్గర లెవిట్ కంపెనీ కట్టిన శివారు, లెవిట్‌టౌన్. 1947 నుంచి 1951 దాకా 17 వేలకు పైగా ఇళ్లు కట్టారు. నల్లజాతివాళ్లకు అమ్మేది లేదని ఆ కంపెనీ పెట్టిన నియమం మరో ప్రసంగానికి సరిపడే కథ. ఇక్కడ నాకు కావలసింది ఒక చిన్న వివరం: అన్ని ఇళ్లు కట్టినా మురుగు లైన్లు వేయలేదు, ఇంటింటికీ ఒక గుంత తవ్వి వదిలేశారు.

ఆ గుంత దగ్గర కాస్త ఆగుదాం, శివారు బతుకంతా అందులో ఉంది కనుక. ఇంటి మురుగు సెప్టిక్ ట్యాంకులోకి వెళ్తుంది. బరువైనది అడుగున చేరుతుంది, నూనె, జిడ్డు పైకి తేలుతాయి, అడుగున చేరినదాన్ని బ్యాక్టీరియా కొంత తింటుంది. మధ్యలోని నీరు బయటికి పోయి మట్టిలో ఇంకుతుంది. మట్టే దాన్ని వడకడుతుంది. పదెకరాల్లో నాలుగు ఇళ్లు ఉన్నంతకాలం ఇది చక్కటి ఏర్పాటు, దీన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అదే పదెకరాల్లో నూరు ఇళ్లు వచ్చాక ఒకరి గుంతకూ పక్కవారి బోరుకూ మధ్య ఒక ప్రహరీగోడ మాత్రమే మిగులుతుంది. గోడ నేల మీద ఉంటుంది, నీళ్లు నేల కింద ఉంటాయి. అప్పుడు బోరు నీటిలో నైట్రేట్లు, అంటే మురుగులోంచి వచ్చి, ఎక్కువైతే ఒంటికి హాని చేసే లవణాలు, పెరుగుతాయి. రంగూ మారదు, వాసనా రాదు, పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. మనం మాత్రం పక్కింటివాళ్లు కారు ఎక్కడ నిలుపుతున్నారన్న దాని మీద పోట్లాడుకుంటూ ఉంటాం.

వానది కూడా ఇదే కథ. చెట్లూ మట్టీ ఉన్న నేల మీద పడిన వానలో సుమారు 10 శాతమే పైన పారుతుందని, నేలలో ముప్పాతిక భాగానికి మించి కాంక్రీటు పరిస్తే అది 55 శాతానికి చేరుతుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పే లెక్క. అంటే కొత్తగా కట్టిన ప్రతి ఇల్లూ, చదును చేసిన ప్రతి వాకిలీ తన వంతు నీటిని కిందివాళ్లకు పంపుతుంది. మొదట వచ్చినవాళ్లు మెరక చూసుకుని కట్టుకుంటారు, చివర వచ్చినవాళ్లకు పల్లం మిగులుతుంది. వాన వెలిసిన మర్నాడు ఏ ఇంటి గేటు ముందు ఇసుక బస్తాలు ఉన్నాయో చూస్తే, ఎవరు ఎప్పుడు వచ్చారో చెప్పేయవచ్చు.

ఇన్ని అన్నాను కానీ, సుఖాలు లేవా? ఉన్నాయి. చీకటి పడితే నక్షత్రాలు కనిపిస్తాయి, వీధి దీపాలు వచ్చేదాకా. అందరూ కొత్తవాళ్లే కనుక పలకరింపులు త్వరగా మొదలవుతాయి. నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసిన పొద్దుల్లో ఏర్పడినంత గట్టి స్నేహాలు నాకు మరెక్కడా దొరకలేదు. కుళాయి వచ్చాక ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు, అది వేరే సంగతి.

అయితే, అందరూ కొత్తవాళ్లే అన్నాను చూశారూ, అది పూర్తిగా నిజం కాదు. మనం రాకముందు అక్కడ పొలాలు ఉన్నాయి, వాటిని దున్నినవాళ్లు ఉన్నారు. మా కాలనీ వెనకాల పాత ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నారు. వాన కురిసినప్పుడల్లా మోకాలిలోతు నీళ్లు నిలిచే మా మూడో వీధిని చూపించి, "అది వాగు బాబూ, మీరు దాని మీద నడుస్తున్నారు" అన్నారు. లేఅవుట్ పటంలో అది నలభై అడుగుల రోడ్డు. మురుగు కాలువకు గీత గీయడానికి ఇంజినీరు వస్తున్నారని తెలిసి, ఆ రోజు పెద్దాయనను కూడా పిలవాలని మా సంఘంలో పట్టుబట్టాను. వస్తానన్నారు. చెప్పులు మాత్రం వేసుకోనన్నారు, కాలికి తగిలితేనే నేల గుర్తుకొస్తుందట.