అల్లిక తర్వాత, ముందు తోలు వారు కోయండి

అందరికీ నమస్కారం. మహారాష్ట్రలోని మన ధర్మాబాద్‌లో మిరపకాయ గురించి మాట్లాడమంటే ఎవరైనా రెండు గంటలు మాట్లాడతారు, తోలు అల్లి చేసే గుర్రం సామాను గురించి, అదీ తెలుగులో మాట్లాడమని పిలిచారంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. వెనక కూర్చున్న తమ్ముళ్ళు ముందుకు రండి. ఈ వార్లు, అంటే తోలులోంచి కోసిన సన్నని పొడవాటి పట్టీలు, చేతికి తీసుకుని వంచి చూడాల్సినవి, అంత దూరం నుంచి అన్నీ తాళ్ళలాగే కనిపిస్తాయి.

మీలో చాలామంది ఫోన్‌లో వీడియోలు చూసే వచ్చారని తెలుసు. ఎనిమిది పాయలు, పన్నెండు పాయలు, ఎవడో చకచకా వేళ్ళు ఆడించి అల్లేస్తుంటాడు, చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆ వీడియో మొదలయ్యేసరికే నూటికి తొంభై వంతుల పని అయిపోయి ఉంటుంది. అల్లడం ఒక సాయంత్రంలో వస్తుంది, నేను హామీ ఇస్తాను. ఏళ్ళు పట్టేది వారు కోయడానికి. ఒకే వెడల్పు, ఒకే మందం, అంచులు సాఫుగా, సరైన తడితో. వారు బాగుంటే కొత్తవాడు అల్లినా కళ్ళెం అందంగా వస్తుంది, వారు ఎగుడుదిగుడుగా ఉంటే ఎంత పెద్ద ఉస్తాద్ అయినా ఏమీ చేయలేడు. ఈరోజు మీరు ఇంకేం మర్చిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి గుర్తుంటే చాలు, అది ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ముందు తోలు సంగతి. శుద్ధి చేసిన తోలు వేరు, పచ్చి తోలు వేరు. శుద్ధి చేసిన తోలంటే తంగేడు చెక్కలోనో, తుమ్మ చెక్కలోనో, కరక్కాయలోనో, ఈ కాలంలో క్రోమియం ఉప్పులోనో నానబెట్టినది, తడిసినా కుళ్ళదు, మెత్తగా ఉంటుంది. చెప్పులు, బెల్టులు అన్నీ అదే. తంగేడంటే మనకు బతుకమ్మే గుర్తొస్తుంది గానీ, ఆ చెట్టు బెరడు ఎన్ని తరాలుగా తోలు నానబెట్టే లందల్లో నానిందో లెక్కలేదు. ఈ విద్యని సైన్సుగా మార్చినవాళ్ళలో పెద్దాయన మన తెలుగువాడే. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధనాలయాన్ని చాలా ఏళ్ళు నడిపారు, 1985లో కనిష్క విమానం పేలినప్పుడు పోయారు. మన పిల్లల పుస్తకాల్లో ఆయన గురించి ఇంకాస్త ఎక్కువ రాయాలని నా అభిప్రాయం, సరే.

పచ్చి తోలుకి ఆ శుద్ధి ఉండదు. వెంట్రుకలు తీసి, లోపలి కండ, కొవ్వు గీకి, సాగదీసి ఆరబెట్టినదే. ఆరితే చెక్కలా గట్టిపడుతుంది, తడిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. ఇది మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు, డప్పు చూడని వాళ్ళు ఈ ఊళ్ళో లేరు కదా. వానాకాలంలో డప్పు మూలుగుతుంది, మంట దగ్గర కాస్త వేడి చేస్తే కణకణమంటుంది. తోలులో నీళ్ళు పోతే బిగుస్తుంది, చేరితే వదులవుతుంది. అల్లికలో మనం ఆడుకునేది ఈ గుణంతోనే. కాస్త తడిగా ఉన్నప్పుడు అల్లుతాం, ఆరాక దానంతట అదే బిగుసుకుని ఒకదాన్నొకటి పట్టేసుకుంటుంది.

గుర్రం సామానులో పచ్చి తోలు అల్లికని ఆకాశానికి ఎత్తినవాళ్ళు మెక్సికో, కాలిఫోర్నియా పశువుల కాపర్లు, అర్జెంటీనాలో గౌచోలనే కాపర్లు. స్పెయిన్ నుంచి వెళ్ళిన పద్ధతులు అక్కడ విపరీతంగా పెరిగాయి, ఎందుకంటే ఆ మైదానాల్లో పశువులు లెక్కలేనన్ని, తోలు చవక, ఇనుము ప్రియం. వాళ్ళ రియాటా అనే తాడు నాలుగు పాయలతోనో, ఆరు, ఎనిమిది పాయలతోనో అల్లి 60 అడుగులు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. దాంతో ఆవుని పట్టాక తాడుని జీనుకి ముడేసి వదిలేయరు, జీను ముందున్న కొమ్ముకి చుట్టి కొంచెం కొంచెం జారనిస్తారు. పచ్చి తోలు నైలాన్‌లా సాగదు, ఒక్క ఝట్కాకి తెగుతుంది. వస్తువు గుణం తెలిసి వాడటమంటే అది. మన వైపు దొరికే గుర్రం సామాను చాలావరకు కాన్పూర్ పద్ధతిలో కుట్టినది, ఇంగ్లీషువాళ్ళ సైన్యం కోసం మొదలైన పని అది. అల్లికంటే మనకి చెర్నాకోల, కొల్హాపురి చెప్పు మీద జడలాంటి పట్టీ. చేతులు తెలిసిన చేతులే, కాకపోతే పని కొత్తది.

తోలు ఎక్కడ తేవాలి అని అడుగుతారు. మహారాష్ట్రలో 2015 నుంచి ఎడ్లు, ఆంబోతుల వధ కూడా నిషేధం కాబట్టి మనకి చట్టప్రకారం సులువుగా దొరికేవి గేదె తోలు, మేక తోలు. గేదె తోలు మందం, దాన్ని పలచగా చీల్చుకోవాలి, పెద్ద సామానుకి బాగుంటుంది. మేక తోలు పలచనైనా గట్టిది, అల్లిక చివర్లు మూసే పైముళ్ళకి, సన్న పనికి అదే. ఏది కొన్నా వ్యాపారి దగ్గర బిల్లు తీసుకోండి, దారిలో ఎవరైనా ఆపితే మీ మాట కంటే కాగితం బాగా మాట్లాడుతుంది. ఇంకొకటి, ఇది సరదా మాట కాదు: ఎందుకు చచ్చిందో తెలియని పశువు తోలు ముట్టుకోవద్దు. దొమ్మ రోగంతో, అంటే ఆంత్రాక్స్‌తో పోయిన పశువైతే దాని తోలు నుంచి, వెంట్రుకల నుంచి మనిషికి అంటుకుంటుంది. ఊరికే వచ్చిందని తెచ్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఉప్పు తోలైతే ముందు బాగా కడగాలి, ఉప్పు మిగిలితే గాల్లో తేమ లాక్కుంటూనే ఉంటుంది. వెంట్రుకలు ఊడటానికి సున్నం నీళ్ళలో నానబెడతారు, కానీ ఎక్కువ రోజులు ఉంచితే తోలు బలం పోతుంది, తీశాక సున్నం పూర్తిగా వదిలేదాకా కడగాలి. సున్నం వద్దనుకునే వాళ్ళు వాడి కత్తితో వెంట్రుకలు గీకేస్తారు, కష్టం ఎక్కువ, తోలు మాత్రం బాగుంటుంది. తర్వాత చట్రానికి బిగించి నీడన ఆరబెట్టాలి. మన ఏప్రిల్ ఎండలో పెట్టారా, పైన గబగబా గట్టిపడి లోపల తడి ఉండిపోతుంది, అది కుళ్ళుతుంది. ఈ పనంతా ఇంటి మధ్యలో చేయొద్దు, వాసనకి ఇంట్లోవాళ్ళూ, పక్కింటివాళ్ళూ కలిసి మిమ్మల్ని బయటికి పంపుతారు.

ఇక వారు. పొడవైన వారు కావాలంటే తోలుని నిలువుగా కోస్తే రాదు, గుండ్రంగా కోసుకుని అంచు నుంచి మధ్యకి చుట్టూ తిప్పుకుంటూ కోయాలి. 30 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న చక్రం తీసుకోండి. దాని వైశాల్యం సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. అర సెంటీమీటర్ వెడల్పుతో కోస్తే లెక్క ప్రకారం 14 మీటర్లు రావాలి, మధ్యలో కోయడానికి వీలుకాని ముక్క తీసేస్తే ఓ 12, 13 మీటర్లు చేతికొస్తుంది. ఇంత చిన్న ముక్కలో అంత పొడవుందా అని అందరూ నోరెళ్ళబెడతారు. కానీ అప్పుడే సంబరపడొద్దు, అది మొదటి కోత మాత్రమే. గుండ్రంగా కోసిన వారు వంకరగా ఉంటుంది. దాన్ని తడిపి, రెండు స్తంభాల మధ్య లాగి కట్టి ఆరనివ్వాలి. సాగాక సన్నబడుతుంది, అందుకే మొదటే కావలసిన దానికంటే వెడల్పుగా కోసుకోవాలి. తర్వాత మళ్ళీ ఒకసారి వెడల్పు సరిచేయాలి. తర్వాత మందం. పొట్ట దగ్గరి తోలు వదులు, వెన్ను దగ్గరిది గట్టి, ఒకే వారులో రెండూ వస్తాయి, వేళ్ళ మధ్య జార్చుకుంటూ పోతే ఎక్కడ మందమో తెలుస్తుంది, అక్కడ గీకాలి. చివరికి రెండు అంచుల మొనలూ ఏటవాలుగా తీసేయాలి, లేకపోతే పాయ మీద పాయ కూర్చోదు, పైన చేయి పెడితే ఆకురాయిలా తగులుతుంది, రోజంతా పట్టుకుంటే అరచెయ్యి పోతుంది.

దీనికి మిషన్లు ఉన్నాయి, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొనొద్దని అనను. ముందు మాత్రం ఒక చెక్కముక్కకి గాడి కోసి, అందులో బ్లేడు నిలబెట్టి, వారు లాగండి. పని జరుగుతుంది. మన చెప్పులు కుట్టే పెద్దవాళ్ళ దగ్గర తోలు కోసే రంపె, కుట్టే ఆరె ఉంటాయి, మర్యాదగా అడిగితే నూరే పద్ధతి కూడా నేర్పిస్తారు. మొద్దు కత్తితో తోలు కోయకండి, అది తోలుని కోయదు, మీ వేలుని కోస్తుంది.

తడి ఎంత ఉండాలి? దుక్కికి నేల పదును మీద ఉండాలని మనవాళ్ళంటారు, తోలుకీ అంతే. నీళ్ళలోంచి తీసి అప్పుడే అల్లితే ఆరాక కుంచించుకుని సందులు పడతాయి. ఆరిపోయాక అల్లితే వంగదు, పగులుతుంది. చెంపకి ఆనిస్తే చల్లగా తగలాలి, నొక్కితే నీటిచుక్క రాకూడదు. మే నెలలో నాందేడ్ గాలికి ఆ పదును నిమిషాల్లో పోతుంది, అందుకే అల్లుతున్న కొస ఒక్కటి బయట ఉంచి మిగతాదంతా తడిగుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. వేళ్ళకి కాస్త సబ్బు రాసుకుంటే వారు జారుతుంది. వానాకాలంలో బూజుతో వేరే పోరాటం.

నాలుగు పాయల గుండ్రటి అల్లిక చూపిస్తాను, ఇటు చూడండి. ఎడమన రెండు, కుడిన రెండు. కుడి చివరి పాయని వెనకనుంచి తీసుకెళ్ళి, మధ్యనున్న రెండింటినీ దాటించి, ఎడమ రెండింటి మధ్యలోంచి ముందుకు తీసి, ఒక పాయ మీదుగా మళ్ళీ కుడి వైపుకే తెచ్చేయాలి. తర్వాత ఎడమ చివరిది ఇదే పద్ధతిలో. అంతే, ఇంకేమీ లేదు. ఎడమన నల్లవి, కుడిన గోధుమ రంగువి పెట్టుకుంటే కొత్తవాళ్ళకి సులువు. నలుపు ఎప్పుడూ ఎడమకే తిరిగి రావాలి. కుడిలో నలుపు కనబడిందంటే టెన్షన్ పడొద్దు, అక్కడిదాకా విప్పండి. ఎంత పొడవు అల్లాలో దానికి ఒకటిన్నర రెట్లు వారు పెట్టుకోండి, పాయలు పెరిగినా, లోపల పెట్టే కోర్, అంటే నడిమి తాడు, లావైనా ఇంకా ఎక్కువ కావాలి.

అల్లికకి చివర్లు మూసేది పైముడి. ఒకే వారుతో చుట్టూ తిప్పి వేసే ముడి ఇది, సముద్రం మీద నావికులు కూడా వేస్తారు. ఇందులో నాకు బాగా నచ్చే లెక్క ఒకటుంది. ముడి చుట్టూ ఎన్ని వరుసలు, అంచున ఎన్ని వంపులు, ఈ రెండు అంకెల గ.సా.భా. 1 అయితేనే ఒకే వారుతో ముడి పూర్తవుతుంది. మరాఠీ బడిలో చదివిన పిల్లలకైతే మసావి. 3 వరుసలు 4 వంపులు కుదురుతుంది, 5కి 4 కుదురుతుంది. 3కి 6 వేయబోయారనుకోండి, మూడోవంతులోనే వారు మొదలుపెట్టిన చోటికి వచ్చేస్తుంది, ముడి పూర్తి కాదు. బడిలో గ.సా.భా. ఎందుకు పనికొస్తుందని అడిగితే మాస్టారు చెప్పలేకపోయారా? ఇదిగో ఇందుకు.

ఇప్పుడు గుర్రం దగ్గరికి వద్దాం, ఎందుకంటే మనం అల్లేది గోడకి తగిలించడానికి కాదు. మన దగ్గర గుర్రాలు ఎక్కువగా పెళ్ళి ఊరేగింపులకి, డోలు మీద ఆడించడానికి. నాందేడ్‌లో హజూర్ సాహిబ్ గురుద్వారా గుర్రాలున్నాయి, వాటి మర్యాదే వేరు. పెళ్ళి గుర్రాల నోట్లో మాత్రం చాలాచోట్ల ముళ్ళ కళ్ళెం ఉంటుంది. జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం 1960 కింద 1965లో వచ్చిన నియమాల ప్రకారమే అది వాడకూడదు. అయినా వాడుతున్నారు, గుర్రం నాలుక మీద పుళ్ళు చూసిన వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. ముళ్ళ కళ్ళేనికి అందమైన అల్లిక పగ్గాలు అడిగితే నేను చేయను, మీరూ చేయకండి.

కాలిఫోర్నియావాళ్ళ బొసాల్ అని ఒకటుంది, నోట్లో ఇనుము లేకుండా ముక్కు మీద కూర్చునే అల్లిక పట్టీ. లేత గుర్రానికి ముప్పావు అంగుళం, 5/8 అంగుళం లావుతో మొదలుపెట్టి, నేర్చుకున్న కొద్దీ సన్నది వేస్తారు, చివరికి పెన్సిలంత అవుతుంది. లోపలి కోర్ కూడా పచ్చి తోలే ఉండాలి, కొందరు స్టీలు తీగ పెడతారు, అది గుర్రం మూతికి తగ్గట్టు మలుచుకోదు. ఇది మెత్తనిదని మాత్రం అనుకోవద్దు, కింద ఎముక లేని చోటికి జారితే, చేత్తో ఊరికే గుంజుతుంటే, ఇదీ గాయం చేస్తుంది. కాబట్టి మొదటి ఏడాది బొసాల్ జోలికి పోకండి, పగ్గాలు కూడా వద్దు. మనిషి బరువు ఆధారపడే ఏ వస్తువూ వద్దు. తాళంచెవి గొలుసు, నుదుటి పట్టీ, మెడ అలంకారం, చెర్నాకోల పిడి. ఇవి తెగితే పరువే పోతుంది, పళ్ళు పోవు.

అమ్మకం సంగతి క్లుప్తంగా చెబుతాను. మార్గశిరంలో లోహా తాలూకా మాళేగావ్ జాతర మీకు తెలిసిందే, ఖండోబా మన మల్లన్నే, ఆయన గుర్రం ఆయనకుంది, కొనేవాళ్ళ గుర్రాలు వాళ్ళకున్నాయి. నందుర్‌బార్ వైపు సారంగ్‌ఖేడా సంత ఇంకా పెద్ద మారాజుల వ్యవహారం. రెండు చోట్లా రంగురంగుల నైలాన్ సామాను గుట్టలుగా ఉంటుంది. దానితో ధరలో పోటీ పడొద్దు, పడలేరు. మీ గంటలు రాసుకోండి, వారు కోసిన గంటలతో సహా. అవి కలపకుండా ధర చెబితే మీ కూలి మీరే ఎగ్గొట్టినట్టు.

ఇక చివరి సంగతి, ఎవరూ అడగరు గానీ మనసులో అందరికీ ఉంటుంది. తోలు పనంటే ఇక్కడ పని పేరు కంటే ముందు కులం పేరు వస్తుంది. తాతలు చేశారని వదిలేసిన వాళ్ళున్నారు, వాళ్ళని నేను తప్పుపట్టను, ఆ అవమానం పడ్డవాళ్ళకే తెలుసు. తాతలు చేయలేదని ముట్టుకోని వాళ్ళూ ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. నా బల్ల దగ్గర మాత్రం ఒకటే అడుగుతాను, కత్తి నూరావా లేదా అని.

సరే, ఎడమ చేతివాటం వాళ్ళు ఇటు కిటికీ వైపు రండి, మీకు కోత దిశ మారుతుంది. ఒక్కొక్కరికి రెండు నల్లవి, రెండు గోధుమవి మేక తోలు వార్లు ఇస్తున్నాను, శుద్ధి చేసినవే, తడపక్కర్లేదు. పచ్చి తోలు వచ్చేవారం. కత్తులు లెక్కపెట్టే ఇచ్చాను, లెక్కపెట్టే తీసుకుంటాను.