సిలిండర్‌లో 14 కిలోలు, పొగలో 43 కిలోలు ఎలా?

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం వద్దు, నేరుగా లెక్కలోకి వెళ్లిపోదాం. ఇంట్లో వాడే గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది కదా, అదంతా కాలిపోయేసరికి ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుందో చెప్పండి చూద్దాం. పది కిలోలా? పద్నాలుగా? కాదు, దాదాపు 43 కిలోలు. అది కాక ఇంకో 22 కిలోల నీటి ఆవిరి!

ద్రవ్యరాశి కొత్తగా పుట్టదు, పోదు అని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజియర్ 1789లోనే రాసిపెట్టాడు, మరి 14 కిలోలు 65 ఎలా అయ్యాయి? మిగతా 51 కిలోలూ గాలిలోని ఆక్సిజనే. గాలికి మనం బిల్లు కట్టం కాబట్టి అది లెక్కకు రాదు, అంతే.

వంటగ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ ఉంటాయి గానీ తేలిక కోసం మొత్తం బ్యూటేనే అనుకుందాం. తుల్య సమీకరణం, అంటే రెండు పక్కలా పరమాణువుల లెక్క సరిపోయేలా రాసిన సమీకరణం, ఏం చెబుతుందంటే, 2 బ్యూటేన్ అణువులు, 13 ఆక్సిజన్ అణువులు కలిసి 8 కార్బన్ డయాక్సైడ్, 10 నీటి అణువులు ఇస్తాయి. చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. 2, 13 కనపడగానే రెండు కిలోలకి పదమూడు కిలోలు అని వేసేస్తారు. అవి తలకాయల లెక్కండీ, తూకం కాదు. తూకంలోకి రావాలంటే ఒక్కోదాన్నీ దాని మోలార్ ద్రవ్యరాశితో, అంటే ఒక మోల్ (అణువుల్ని లెక్కపెట్టే ఒక నిర్ణీత కట్ట) ఎన్ని గ్రాములు తూగుతుందో దానితో గుణించాలి. బ్యూటేన్ 58, రెండింటికి 116 గ్రాములు. ఆక్సిజన్ 32, పదమూడింటికి 416. అటువైపు కార్బన్ డయాక్సైడ్ 44 ఎనిమిదులు 352, నీరు 18 పదులు 180. రెండు పక్కలా 532 వచ్చిందా? రాకపోతే అక్కడే ఆగి వెనక్కి చూసుకోండి, ముందుకెళ్లి లాభం లేదు. ఇక గ్రాములైనా కిలోలైనా నిష్పత్తి మారదు కాబట్టి 14.2ని 352తో గుణించి 116తో భాగిస్తే 43 వచ్చేస్తుంది.

ఇప్పుడు ఇదే గ్యాస్‌ని తలుపులు బిగించిన బాత్రూమ్‌లో గీజర్‌కి పెట్టారనుకోండి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి ఆరున్నర కిలోలుంటుంది, అందులో ఆక్సిజన్ సుమారు కిలోన్నర. కిలో బ్యూటేన్‌కి 3.6 కిలోల ఆక్సిజన్ కావాలి, అంటే ఆ గదిలో గాలంతా కలిపినా సుమారు 400 గ్రాముల గ్యాస్‌కి మించి సరిపోదు. సిలిండర్ నిండా గ్యాస్ ఉన్నా ఏం లాభం, ముందు అయిపోయేది ఆక్సిజన్. పుస్తకంలో పరిమిత కారకం అని చదివి టెన్షన్ పడతారే, అదే ఇది. పైగా ఆక్సిజన్ పూర్తిగా అయిపోయేదాకా కూడా ఆగదు, తగ్గుతున్నప్పుడే కార్బన్ మోనాక్సైడ్ తయారవడం మొదలవుతుంది, దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు. గ్యాస్ గీజర్‌ని బాత్రూమ్ బయట బిగించమనేది అందుకే.

చివరగా ఒకటి, పిడుగురాళ్ల వైపు వాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. సున్నపు బట్టీలో టన్ను రాయి వేశారు, అందులో 90 శాతమే అసలు కాల్షియం కార్బొనేట్, మిగతాది కాలినా మారని మట్టీమశానం అనుకోండి. కాల్షియం కార్బొనేట్ మోలార్ ద్రవ్యరాశి 100, దాన్నుంచి వచ్చే సున్నానిది 56, ఆ 100కి 56 చొప్పున 900 కిలోలకి 504 కిలోల సున్నం వస్తుంది, 396 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. కానీ బట్టీలోంచి తీసి కాటా వేస్తే 604 చూపిస్తుంది. ఆ వంద ఎక్కడిదో మీరే చెప్పండి.