నొప్పి తగ్గిందంటే పన్ను బాగుపడినట్టు కాదు

అందరికీ నమస్కారం. పనులు మానుకుని పళ్ల గురించి వినడానికి వచ్చారు, చాలా సంతోషం. ఇక్కడున్న వాళ్లలో చాలామంది పళ్ల డాక్టర్ దగ్గరికి నొప్పి వచ్చాకే వెళ్లి ఉంటారు. మిమ్మల్ని తప్పు పట్టను, ఒంట్లో ఏ బాధకైనా మనం చేసేది అదే. కానీ పంటి విషయంలో ఆ పద్ధతి కుదరదు. ఎందుకో తెలియాలంటే పన్ను లోపల ఏముందో ముందు చూడాలి.

పైన కనిపించే తెల్లటి పొర ఎనామిల్. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం అదే. ఎముక కూడా దాని తర్వాతే. అందులో నరం లేదు, రక్తం లేదు, ప్రాణమున్న కణం ఒక్కటీ లేదు. అందుకే అది పుచ్చిపోతున్నా మనకు తెలియదు. రంధ్రం పడితే తనంతట తాను పూడదు. దాని కింద డెంటిన్ అనే కాస్త మెత్తటి పొర ఉంటుంది. మధ్యలో పల్ప్, మనం మామూలుగా పంటి నరం అనేది. నొప్పి పుట్టేది అక్కడ. పుచ్చు బయటి నుంచి లోపలికి మెల్లగా వెళ్తుంది కాబట్టి మీకు నొప్పి తెలిసేసరికి అది సగం దారి దాటేసి ఉంటుంది.

పిప్పి పన్నులో పురుగు ఉంటుందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. పురుగేమీ లేదు. పళ్లకు పట్టే పాచిలో బాక్టీరియా ఉంటుంది. మనం తిన్న చక్కెరే దానికి తిండి, దాన్ని తిని ఆమ్లం వదులుతుంది. ఆమ్లాన్ని కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు. పంటి మీద పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి, కరిగిన ఖనిజాన్ని కొంత వెనక్కి చేరుస్తుంది. దానికి అరగంట నుంచి గంట వరకు సమయం కావాలి. ఆ సమయం ఇవ్వకుండా రోజంతా కొంచెం కొంచెంగా తీపి నములుతూ, తీపి పానీయాలు చప్పరిస్తూ ఉంటే పన్ను కోలుకోలేదు. తీపి ఎంత తిన్నారనే దానికన్నా ఎన్నిసార్లు తిన్నారని నేను ఎక్కువగా అడిగేది ఇందుకే. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, కాబట్టి రాత్రి పడుకునే ముందు బ్రష్ చేయడం ఉదయం చేసే దానికన్నా ముఖ్యం.

ఎనామిల్ మీద సుద్దలాంటి తెల్ల మచ్చగా ఉన్న దశలో పుచ్చును ఆపవచ్చు. అప్పుడు డ్రిల్లింగ్ అక్కర్లేదు, ఫ్లోరైడ్ చాలు. పేస్టు ట్యూబ్ మీద ఫ్లోరైడ్ ఎంతుందో రాసి ఉంటుంది, 1000 నుంచి 1500 పీపీఎం ఉండాలి. తోముకున్నాక నురగ ఉమ్మేయండి. వెంటనే నీళ్లు పోసి పుక్కిలిస్తే ఆ ఫ్లోరైడ్ కూడా కడుక్కుపోతుంది.

ఇప్పుడు నొప్పి సంగతి. ఇది కాస్త జాగ్రత్తగా వినండి. చల్లటిది తగిలినప్పుడు పన్ను జివ్వుమని, చల్లదనం తీసేయగానే తగ్గిపోతే, లోపలి నరం చాలావరకు బాగానే ఉండొచ్చు. ఫిల్లింగ్‌తో సరిపోయే అవకాశం ఉంది. చిగురు కిందికి జారి వేరు బయటపడినా, బ్రష్ గట్టిగా రుద్ది పంటి మొదట్లో గాడి పడినా ఇలాగే జివ్వుమంటుంది. అదే జివ్వుమనడం నిమిషాల తరబడి ఆగకపోతే, వేడి తగిలితే పోటు పొడిస్తే, రాత్రి పడుకోగానే నొప్పి ఎక్కువై నిద్ర పట్టకపోతే, నరం ఇక కోలుకోలేనంతగా వాచిందని అనుమానించాలి.

ఆ తర్వాత వచ్చేదే అన్నిటికన్నా మోసం చేసే దశ. వారం రోజులు ఏడిపించిన నొప్పి ఒక ఉదయం మాయమవుతుంది. హమ్మయ్య అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేస్తారు. నిజానికి లోపలి నరం చచ్చిపోయింది కాబట్టి నొప్పి ఆగింది. బాక్టీరియా మాత్రం వేరు కొసకు దిగి, ఎముకలో చీము పట్టిస్తుంది. కొన్ని వారాలకో నెలలకో దవడ వాచి వస్తారు. "నొప్పి పోయింది కదా డాక్టర్, మళ్లీ ఎందుకు వచ్చింది" అని ఎంతమంది అడిగారో! ఆ మాట విన్న ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే ముందే వచ్చి ఉంటే ఆ వాపు వచ్చేది కాదు. వాపుతో పాటు జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడమో ఊపిరి తీయడమో కష్టమైనా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

మందుల షాపులో యాంటీబయోటిక్ కొని వేసుకుని సరిపెట్టుకోవద్దు. చచ్చిన నరానికి రక్తం అందదు, కాబట్టి మందు అక్కడికి చేరదు. వాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. నొప్పి మాత్ర నలిపి పంటి పక్కన పెట్టుకోవడం ఇంకా చేటు, చిగురు కాలి పుండవుతుంది.

రూట్ కెనాల్ అనగానే టెన్షన్ పడతారు. మత్తు ఇంజక్షన్ సరిగా పనిచేశాక జరిగేది ఇది: పన్ను పైనుంచి చిన్న దారి చేసి, పాడైన నరాన్ని తీసి, వేరు లోపలి సన్నటి కాలువలను మందు నీళ్లతో కడిగి, గట్టపర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో మూసేస్తాం. ఒక రకం చెట్టు పాల నుంచి వచ్చే పదార్థం అది. ఒక్కోసారి బాగా వాచిన పంటికి మత్తు సరిగా ఎక్కదు. నొప్పి తెలిస్తే చెయ్యి పైకెత్తండి, ఆపి ఇంకొంచెం మందు ఇస్తాం. ఓర్చుకోవాల్సిన అవసరం లేదు. చికిత్స అయ్యాక దవడ పన్నుకు చాలావరకు క్యాప్ అవసరమవుతుంది. నొప్పి పోయిందని క్యాప్ వాయిదా వేసిన వాళ్ల పన్ను నిలువునా చీలి, చివరికి తీసేయాల్సి రావడం చాలాసార్లు చూశాను. అంత కష్టపడి నిలబెట్టిన పన్ను అలా పోతే మీకెంత బాధో నాకూ అంతే.

పన్ను తీయక తప్పని సందర్భాలూ ఉంటాయి. పై పళ్లు తీయిస్తే చూపు తగ్గుతుందని భయపడే వాళ్లకు ఒక్క మాట: పంటి నరం వేరు, చూపు నరం వేరు. తీసిన తర్వాత ఆ గుంటలో గడ్డకట్టే రక్తమే సహజమైన కట్టు. మొదటి 24 గంటలు పుక్కిలించొద్దు, స్ట్రా పెట్టి పీల్చొద్దు, పొగ తాగొద్దు. ఆ గడ్డ ఊడితే ఎముక బయటపడి విపరీతంగా నొప్పి చేస్తుంది.

చిగుళ్ల జబ్బు మరీ చప్పుడు లేనిది. తోముకునేటప్పుడు రక్తం వస్తే ఆ చోట తోమడం మానేస్తారు, పాచి ఇంకా పేరుకుంటుంది. పాచి గట్టిపడి గార అవుతుంది, అది బ్రష్‌కు రాదు. చిగురు వాపు వరకే ఉంటే శుభ్రం చేస్తే పూర్తిగా తగ్గుతుంది. జబ్బు ఎముక దాకా దిగితే మాత్రం పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవడమే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయనీ, సందులు పడతాయనీ అంటారు. గార అడ్డుగా నిండి ఉన్న సందు అది తీసేశాక కనబడుతుంది, అంతే. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్లు బాగాలేకపోతే షుగర్ అదుపులోకి రావడమూ కష్టమవుతుంది. పొగ తాగేవాళ్లకు జబ్బున్నా రక్తం అంతగా రాదు, వాళ్లు మరింత జాగ్రత్తగా చూపించుకోవాలి.

పిల్లల గురించి రెండు మాటలు. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక వచ్చే దవడ పన్ను శాశ్వతమైనది. పాలపన్నే, ఊడి మళ్లీ వస్తుందిలే అని వదిలేయకండి. ఆటల్లో శాశ్వత పన్ను ఊడి చేతిలోకి వస్తే వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకోండి. మట్టి ఉంటే ఒక్కసారి తేలిగ్గా కడిగి, వీలైతే వెంటనే ఆ గుంటలోనే పెట్టేయండి. కుదరకపోతే పాలలో వేసి అరగంటలోపు డాక్టర్ దగ్గరికి తీసుకురండి. పాలపన్నైతే తిరిగి పెట్టకూడదు.

చివరిగా ఒకటి అడుగుతున్నాను. ఇవాళ ఇంటికి వెళ్లాక వెలుతురున్న చోట అద్దం ముందు నిలబడండి. నాలుకను ఎత్తి కింద చూడండి, రెండు పక్కలకూ తిప్పి చూడండి, బుగ్గల లోపల వేలితో తడమండి. రెండు వారాలు దాటినా మానని పుండు గానీ, ఎర్రటి లేదా తెల్లటి మచ్చ గానీ, గట్టి గడ్డ గానీ ఉంటే చూపించుకోండి. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి అసలు నొప్పి పెట్టదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.