అమెరికా ట్యూన్ ఫైలు ఆటోనగర్‌లో ఎందుకు కుదరదు? పాత ఎస్టీమ్‌కి ఈసీయూ ట్యూనింగ్

నమస్కారమండీ. ఇవాళ కెమెరా విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందుంది. బానెట్ ఎత్తి ఉన్న ఈ బండి పాత మారుతీ ఎస్టీమ్, 1298 సీసీ ఇంజన్. క్యామ్ మార్చారు, నాలుగు పొగ పైపులు రెండై, తర్వాత ఒకటయ్యే ఫోర్-టూ-వన్ హెడర్ వేశారు, నిమిషానికి 240 సీసీ పోసే ఇంజెక్టర్లు బిగించారు. ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, అంటే కంపెనీ ఈసీయూ, తీసేసి స్పీడుయినో పెట్టారు. ఆర్డుయినో మెగా బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ ఇది. ల్యాప్‌టాప్‌లో ట్యూనర్‌స్టూడియో తెరిచి యూఎస్‌బీ వైరు తగిలిస్తే లోపల టేబుళ్లన్నీ కనపడతాయి.

మన ఎన్నారైలు సెలవులకొచ్చేటప్పుడు సూట్‌కేసులో పొగలో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ కిట్టు, పెన్‌డ్రైవ్‌లో అమెరికాలో ఇదే ఇంజన్‌కి ఎవరో చేసిన ట్యూన్ ఫైలు తెస్తుంటారు. కిట్టు బంగారం. ఫైలు మాత్రం బండి స్టార్ట్ అవడం వరకే. ఇక్కడి పెట్రోలు వేరు, ఇక్కడి ఎండ వేరు.

ముందు పెట్రోలు సంగతి. అక్కడ బంకుల్లో ఎక్కువగా దొరికేది ఈ10, అంటే పది శాతం ఇథనాల్ కలిసినది. ఇక్కడ పోసేది ఈ20, ఇరవై శాతం కలిసినది. ఇథనాల్ కలవని పెట్రోలు గ్రాము పూర్తిగా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ10కి 14.1 చాలు, ఈ20కి సుమారు 13.5. అంటే అదే గాలికి ఈ10 కంటే నాలుగు శాతం, ఉత్త పెట్రోలు కంటే దాదాపు తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పొయ్యాలి. అక్కడి ఫైలు ఉన్నదున్నట్టు ఎక్కిస్తే బండి లీన్‌గా, అంటే పెట్రోలు తక్కువై, నడుస్తుంది, పికప్ చస్తుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఈ20కి 13.5 అని విని, గేజ్ మీద 13.5 వచ్చేదాకా పెట్రోలు పెంచుతారు. కానీ వైడ్‌బ్యాండ్ కంట్రోలర్ కొలిచేది ల్యాంబ్డా, అంటే ఆ పెట్రోలుకి గాలి సరిపోయిందా అన్న కొలత. 1 అంటే సరిగ్గా సరిపోయింది, పైన లీన్, కింద రిచ్. దాన్ని 14.7తో గుణించి మనకి చూపిస్తుంది, అంతే. ట్యాంకులో ఏ పెట్రోలున్నా ల్యాంబ్డా 1 దగ్గర ఆ గేజ్ 14.7 అనే అంటుంది. దాని మీద 13.5 అంటే ల్యాంబ్డా 0.92, ఎనిమిది శాతం రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ. మైలేజీ పోతుంది, ప్లగ్గులకి మసి పడుతుంది. అందుకే గేజ్‌లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ యూనిట్లు ల్యాంబ్డాకి మార్చేసుకుంటే ఈ గోలే ఉండదు.

షెడ్డులో మేస్త్రీలు అడిగే మొదటి ప్రశ్న, ‘ప్లగ్గు రంగు చూసి చెప్పేస్తాం కదా బాబూ, ఈ మీటర్లెందుకు?’ అని. కార్బురేటర్ బండికైతే వాళ్ల కన్ను చాలు. ఇక్కడ 16 అడ్డం, 16 నిలువు, మొత్తం 256 గడులున్న వీఈ టేబుల్ నింపాలి. ఏ ఆర్‌పీఎం, ఏ లోడు దగ్గర ఇంజన్ ఎంత గాలి పీలుస్తుందో చెప్పే పట్టిక అది. ప్లగ్గు రంగు ఆ 256లో ఏ గడిది తప్పో చెప్పలేదు.

సెన్సర్ బిగించే చోటే సగం పని ఉంది. వైడ్‌బ్యాండ్‌కి వాడే బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్‌కి నాలుగు పైపులు కలిసే చోటు దాటాక, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు బంగ్, అంటే సెన్సర్ బిగించే మరల నట్టు, వెల్డింగ్ చేయించండి. సెన్సర్ పడుకోకూడదు, అడ్డంగా ఉన్న దానికి కనీసం పది డిగ్రీలు పైకి లేచి ఉండాలి. లేకపోతే చల్లని ఇంజన్‌లో చేరిన నీటిబొట్టు వేడి సెరామిక్ మీద పడి పగలగొడుతుంది. సెన్సర్‌కి ముందున్న పైపులో ఎక్కడైనా లీకుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని, ఐడ్లింగ్‌లో లీన్ అని చూపిస్తుంది. ఒక సిలిండర్ మిస్సింగ్ కొట్టినా అంతే, కాలని ఆక్సిజన్ అలాగే బయటికొచ్చి లీన్ అంటుంది. దాన్ని నమ్మి పెట్రోలు పెంచితే మిస్సింగ్ ఇంకా ఎక్కువవుతుంది. ఐడ్లింగ్‌లో లీన్ కనిపిస్తే టేబుల్ ముట్టుకునే ముందు గాస్కెట్, ప్లగ్గులు, కాయిల్ చూడండి.

తర్వాత తాళంచెవి తిప్పి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా స్క్రీన్ చూడండి. మ్యానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ 100 కిలోపాస్కల్ దగ్గర ఉండాలి, విజయవాడ సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు కదా. 95 చూపిస్తుంటే క్యాలిబ్రేషన్ తప్పు. రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే కూలెంట్ టెంపరేచర్, గాలి టెంపరేచర్ రెండూ ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉండాలి. అలా లేకపోతే సెన్సర్ ఊడదీసి ఐసు నీళ్లలో, మామూలు నీళ్లలో, మరుగుతున్న నీళ్లలో ముంచి, మూడుచోట్లా మల్టీమీటర్‌తో ఓమ్‌లు రాసుకోండి. ఆ మూడు అంకెలూ, ఉష్ణోగ్రతలూ సాఫ్ట్‌వేర్‌లో ఇస్తే ఆ సెన్సర్ వంపు, అంటే కర్వ్, అదే గీస్తుంది. ఈసీయూ బోర్డు మీదున్న బయాస్ రెసిస్టర్ 2490 ఓమ్‌లని పెట్టడం మరిచిపోకండి. వైడ్‌బ్యాండ్ ఎర్త్ వైరు మాత్రం ఈసీయూ ఎర్త్ ఉన్న బోల్టుకే వెయ్యాలి. బాడీకి ఎక్కడో తగిలిస్తే ఫ్యాను తిరిగినప్పుడల్లా రీడింగ్ పక్కకి జరుగుతుంది.

ఇంకోటి, టైమింగ్ లైటు లేకుండా ముందుకెళ్లొద్దు. సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ని, అంటే ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే క్షణాన్ని, 10 డిగ్రీల దగ్గర ఫిక్స్ చేసి, లైటు క్రాంక్ పుల్లీ గుర్తు మీద కొట్టండి. లైటు కూడా పదే చూపించేదాకా ట్రిగ్గర్ యాంగిల్ సరిచెయ్యండి. తర్వాత 3000 ఆర్‌పీఎం దాకా రేస్ చేసినా గుర్తు కదలకూడదు. గుర్తు పక్కకి జరుగుతోందంటే, క్రాంక్ సెన్సర్ రెండు వైర్ల అయస్కాంత రకమైతే, ఆ వైర్లు తారుమారయ్యాయేమో ముందు చూడాలి.

ఇప్పుడు రిక్వైర్డ్ ఫ్యూయల్. సిలిండర్ నిండా ఉన్న గాలికి సరిపడా పెట్రోలు పొయ్యడానికి ఇంజెక్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో చెప్పే అంకె ఇది. 1298 సీసీ, నాలుగు సిలిండర్లు, 240 సీసీ ఇంజెక్టర్లు, గాలి నిష్పత్తి 14.7 అని ఇస్తే సుమారు 9 మిల్లీసెకన్లు వస్తుంది. 13.5 అని ఇస్తే 9.8 దాకా పోతుంది. ఈ20 తేడా మొత్తం ఈ ఒక్క గడిలోనే తేలిపోతుంది, టేబులంతా కెలకక్కర్లేదు.

ఇంజెక్టర్ డెడ్ టైమ్ దగ్గర కాస్త ఓపిక పట్టండి. కరెంటు వచ్చాక సూది లేవడానికి పట్టే సమయం అది, 14 వోల్టుల దగ్గర చాలావాటికి ఒక మిల్లీసెకన్ అటూ ఇటూ. ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్‌కి కరెంటు అందే మొత్తం సమయం, అంటే పల్సే, రెండున్నర మిల్లీసెకన్లు ఉంటే, ఇందులో 0.3 తప్పు వచ్చినా మిక్చరు పదిశాతం పైనే మారిపోతుంది. పరీక్ష సులువు: ఐడ్లింగ్‌లో హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసి వోల్టేజి పడేలా చెయ్యండి. ల్యాంబ్డా లీన్ వైపు జరిగితే తక్కువ వోల్టేజి దగ్గర డెడ్ టైమ్ పెంచాలి.

వీఈ టేబుల్ నింపేటప్పుడు ఇంజన్ 80 డిగ్రీలు దాటి ఉండాలి. యాక్సిలరేటర్ తొక్కగానే పెట్రోలు పెంచే యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోలు ఆపే సెట్టింగు, సెన్సర్ చూసి ఈసీయూ తనంతట తానే పెట్రోలు దిద్దే ఆక్సిజన్ కరెక్షన్, మూడూ ఆపేయండి. అవి మనం కొలిచేదాన్ని కప్పేస్తాయి. తెల్లవారుజామున గన్నవరం వైపు హైవే ఖాళీగా ఉంటుంది. నాలుగో గేరులో 2500 దగ్గర కాలు కదపకుండా ఐదు సెకన్లు పట్టుకోండి. కాలు కదిలితే పొగ వెళ్లి సెన్సర్‌ని చేరేలోపు ఇంజన్ ఇంకో గడిలోకి వెళ్లిపోయి ఉంటుంది, తప్పు గడి దిద్దుతారు. ల్యాప్‌టాప్ పక్కవాళ్ల ఒళ్లో ఉండాలి, నడిపేవాళ్ల దగ్గర కాదు. బందరు రోడ్డులో ట్యూనింగ్ చేద్దామనుకునేవాళ్లకి దూరం నుంచే ఒక దండం.

లెక్క ఒక్కటే: పాత వీఈని కొలిచిన ల్యాంబ్డాతో గుణించి, కావలసిన ల్యాంబ్డాతో భాగించడం. గడిలో 62 ఉంది, కావలసింది 1.00, వచ్చింది 1.06 అనుకోండి, కొత్త అంకె 65.7. క్రూజింగ్‌కి 1.00, ఐడ్లింగ్‌కి 0.95 నుంచి 1.00, టర్బో లేని ఈ ఇంజన్‌కి ఫుల్ త్రాటిల్‌లో 0.86 నుంచి 0.88. డబ్బు కట్టిన ట్యూనర్‌స్టూడియోలో ఆటో ట్యూన్ ఉంది కానీ, పక్కపక్క గడుల మధ్య గుట్టలూ గుంతలూ వదిలేస్తుంది. త్రీడీ బొమ్మలో చూసి చేత్తో నునుపు చెయ్యాల్సిందే. ఫుల్ త్రాటిల్‌లో పల్స్ పొడవు మీదా కన్నుంచండి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక సైకిల్‌కి దొరికేది 20 మిల్లీసెకన్లే, పల్స్ 17 దాటిందంటే ఆ ఇంజెక్టర్లు చాలవు.

ఎండ సంగతికొద్దాం. రోహిణి కార్తెలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగితే, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మీద బిగించిన గాలి టెంపరేచర్ సెన్సర్ ఆ లోహపు వేడికి 70 డిగ్రీలు చూపిస్తుంది. లోపలికొచ్చే గాలి నిజంగా 45 డిగ్రీలే కావచ్చు. వేడి గాలి పలచన అనుకుని ఈసీయూ ఏడు శాతం పెట్రోలు తగ్గించేస్తుంది. పచ్చలైటు పడగానే బండి తడబడుతుంది. దీనికి వీఈ టేబుల్ దిద్దితే తెల్లారి చల్లటి పూట రిచ్ అవుతుంది. సెన్సర్‌ని ఎయిర్ ఫిల్టర్ తర్వాతి ప్లాస్టిక్ పైపులోకి మార్చడమే మందు. మార్చలేకపోతే 50 డిగ్రీల పైన కరెక్షన్ వంపుని చదును చెయ్యండి.

టైమింగ్ విషయంలో రోడ్డు మీద సాహసాలొద్దు. కంపెనీ టైమింగ్‌తో మొదలుపెట్టి, ఎక్కువ లోడు గడుల్లో రెండు మూడు డిగ్రీలు తగ్గించి ఉంచండి. గాలి 50 డిగ్రీలు దాటాక పది డిగ్రీలకి ఒక డిగ్రీ చొప్పున ఇంకా తగ్గించండి. ఫుల్ లోడులో నాకింగ్, అంటే మిక్చరు తనంతట తానే పేలే చప్పుడు, రోడ్డు హోరులో వినపడకపోవచ్చు, పిస్టన్ మాత్రం ఊరుకోదు. ఫుల్ లోడు టైమింగ్ పని బండిని రోలర్ల మీద నిలబెట్టి నడిపే డైనో మీదే.

కోల్డ్ స్టార్ట్ మనకి చిన్న విషయం. మంచు కురిసే ఊళ్లలో చలికాలమంతా పట్టే పని ఇక్కడ ఒకటి రెండు పొద్దుల్లో అయిపోతుంది, పది డిగ్రీల కింద ఏముందో విజయవాడలో ఎవరూ చూడరు.

ఈ20కి ముందు నాటి రబ్బరు పైపులు ఉబ్బి, పగిలి కారుతాయి. ట్యూనింగ్‌కి ముందే ట్యాంకు నుంచి ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే ఫ్యూయల్ రైలు దాకా జే30 ఆర్9 అని రాసి ఉన్న ఫ్యూయల్ హోస్, కొత్త క్లిప్పులు వేయించండి. మామూలు నీళ్ల పైపు వేసి ‘ఏం కాదులెండి’ అంటే ఒప్పుకోకండి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడాగా మారేలా బండిని మార్చకూడదు. పెట్రోలు కారుకి పదిహేనేళ్లు దాటితే ఆర్సీ రెన్యువల్‌కి బండిని చూపించాలి కూడా. అందుకని తీసేసిన కంపెనీ ఈసీయూ, వైరింగ్, ఇంజెక్టర్లు పాత ఇనుముకి వెయ్యకుండా అట్టపెట్టెలో దాచండి. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళ్లేముందు ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, ఐడ్లింగ్ ల్యాంబ్డా 1.00 మీద నిలబడిందో లేదో గేజ్‌లో చూసుకుని వెళ్లండి.