పసిపిల్లల టీచర్ అవ్వాలంటే: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం అండి. ఈ రోజు మనతో ఉన్నది ఒక ప్రీస్కూల్ టీచర్. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలతో ఆవిడ పని. ఇందులోకి రాకముందు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశారట. లైన్లన్నీ అప్పుడే బిజీ అయిపోయాయి కాబట్టి ఒక్క ప్రశ్న నేనడిగేసి కాలర్లకు వదిలేస్తాను. రక్త పరీక్షల దగ్గర్నుంచి పలకా బలపం దగ్గరికి ఎలా వచ్చారు మేడం?

టీచర్: పలకా బలపం మా గదిలో చాలా తక్కువండి (నవ్వు). దాని గురించి ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు, అప్పుడు చెప్తాను. మా పాపను వదిలే డేకేర్‌లో ఒకసారి మనిషి తక్కువై, కాసేపు కూర్చుంటారా అని నన్నడిగారు. నాది షిఫ్టు డ్యూటీ, పగలు కాస్త ఖాళీ దొరికేది, సరే అన్నాను. అక్కడ ఒక బాబు జగ్గుతో చిన్న గ్లాసులోకి నీళ్లు పోస్తున్నాడు, పొంగి బల్లంతా తడిసిపోతున్నా మళ్లీ పోస్తున్నాడు, అందరూ అల్లరి అనుకుంటున్నారు. నేను పక్కన కూర్చుని చూశాను. ఒలికే ముందు గ్లాసు అంచు మీద నీళ్లు కొంచెం ఉబ్బి నిలబడతాయి చూడండి, వాడు దానికోసం చూస్తున్నాడు, తల వంచి, కన్ను సరిగ్గా అంచు ఎత్తుకు తెచ్చి. ల్యాబ్‌లో గొట్టంలో కొలత చదివేటప్పుడు మేం చేసేదీ అదే. అది చూశాక ఇంక వదల్లేకపోయాను. అక్కడే హెల్పర్‌గా చేరి, సాయంత్రాలు సర్టిఫికెట్ కోర్సు చేసి, అసిస్టెంట్‌గా చాలాకాలం ఉన్నాకే నాకంటూ ఒక తరగతి ఇచ్చారు.

వ్యాఖ్యాత: మొదటి కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా, మీ టీవీ వాల్యూమ్ కొంచెం తగ్గించి మాట్లాడండి.

కాలర్: హలో... ఆ, తగ్గించానండి. నమస్తే మేడం. నేను బీకాం చేసి కొన్నాళ్లు అకౌంట్స్‌లో పనిచేశాను. పిల్లలు పుట్టాక మానేశాను. ఇప్పుడు ప్రీస్కూల్ టీచర్‌గా చేద్దామనుంది, కానీ అందరూ నీ చదువుకీ దానికీ ఏం సంబంధం అంటున్నారు. వయసు కూడా దాటిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

టీచర్: సంబంధం సంగతి చెప్తాను వినండి. కిండర్‌గార్టెన్ మొదలుపెట్టిన ఫ్రోబెల్ ముందు అడవుల శాఖ పని నేర్చుకున్నాడు, తర్వాత ఆర్కిటెక్ట్ అవుదామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి, అక్కడ అనుకోకుండా బడిలో పాఠాలు చెప్పే పనిలో పడ్డాడు. జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో 1837లో పసిపిల్లల కోసం తన సంస్థ తెరిచేనాటికి ఆయనకు యాభై దాటాయి. మాంటిస్సోరి బడులకు పేరిచ్చిన మరియా మాంటిస్సోరి 1896లో రోమ్‌లో మెడిసిన్ పాసైన డాక్టర్, ‘పిల్లల ఇల్లు’ అనే తన మొదటి బడి తెరిచింది 1907లో. ఇప్పుడు బడుల్లో కనిపించే ఆ చెక్క యూనిట్ బ్లాకులున్నాయే, వాటిని తయారుచేసిన కారొలిన్ ప్రాట్ చెక్కపని నేర్పే టీచర్. వీళ్లెవరూ నేరుగా ఈ దారిలో వచ్చినవాళ్లు కారు. ముందు పనిలో అబ్బిన చూపునే పిల్లల గదిలోకి తెచ్చుకున్నారు. అకౌంట్స్‌లో మీకు లెక్క తేడా వస్తే ఎక్కడ తేడా వచ్చిందో వెతికే ఓపిక అలవాటై ఉంటుంది కదా, అది ఇక్కడ బాగా పనికొస్తుంది.

కాలర్: మరి కోర్సు ఏది చేయమంటారు? ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తున్నాయి, కొన్ని నెల రోజుల్లోనే సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు.

టీచర్: డబ్బు కట్టే ముందు ఒక్కటే అడగండి, పిల్లలున్న గదిలో నన్ను ఎన్ని గంటలు కూర్చోబెడతారు అని. జవాబు నసిగితే వదిలేయండి. పేరున్న మాంటిస్సోరి డిప్లొమాలో అయితే ఊరికే కూర్చుని గమనించడానికి వేరుగా గంటలుంటాయి, ఆ తర్వాత పిల్లలతో ప్రాక్టీసు, ఒక్కో సామగ్రిని ఎలా చూపించాలో మీ చేత్తో రాసుకునే ఆల్బమ్‌లు, చివర రాత పరీక్ష, నోటి పరీక్ష, అబ్బో, తేలిక కాదు. మాంటిస్సోరి కాని కోర్సులోనైనా పిల్లల ఎదుగుదల, భాష, ఆట, ప్రథమ చికిత్స, పిల్లల భద్రత అన్నవి లేకపోతే అది కాగితం కిందే లెక్క. ఇంకోటి, లీడ్ టీచర్, అంటే తరగతి బాధ్యత మొత్తం చూసే టీచర్ కావాలంటే కొన్ని చోట్ల డిగ్రీ అడుగుతారు, కొన్ని చోట్ల డిప్లొమా చాలు, కాబట్టి మీరు ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో అక్కడి నియమం ముందు కనుక్కోండి, కోర్సు తర్వాత ఎంచుకోండి. జీతం మాట కూడా దాచను. చాలా చోట్ల ప్రైమరీ టీచర్ల కంటే తక్కువే ఇస్తారు, ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఇంట్లో ఆ లెక్క ముందే వేసుకుని రండి, మీకు లెక్కలు కొత్త కాదుగా.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. తర్వాతి కాలర్, చెప్పండి సార్.

కాలర్: అమ్మా, నేను రిటైరయ్యాను. మా కోడలు ఈ కోర్సే చేస్తానంటోంది. నాకు అభ్యంతరమేం లేదు, చదువుకోనీ. కానీ ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. మూడేళ్ల పిల్లల్ని ఆడించడానికి మళ్లీ చదువెందుకమ్మా? మా మనవడి బడిలో చూశాను, ఏడాది అయినా అక్షరాలు దిద్దించడమే లేదు.

టీచర్: ఇదిగో, పలక ప్రశ్న వచ్చేసింది (నవ్వు). బాబాయ్ గారూ, అనుకోవడానికేముంది, మా నాన్నగారూ ఇదే అడిగారు. మూడేళ్ల పిల్లాడికి పెన్సిల్ ఇచ్చి చూడండి, గుప్పిట్లో పట్టుకుని చెయ్యి మొత్తం భుజం దగ్గర్నుంచి కదుపుతాడు. వేళ్లతో రాయాలంటే ముందు భుజం నిలవాలి, తర్వాత మణికట్టు, ఆ తర్వాతే వేళ్లు. అందుకే గోడకు పెద్ద కాగితం అంటించి నిలబెట్టి బొమ్మలు వేయిస్తాం, మట్టి పిసికిస్తాం, బట్టల క్లిప్పులు తీసి పెట్టిస్తాం, కత్తెరతో ముందు ఊరికే కాగితం అంచులు కత్తిరించమంటాం. బయట నుంచి చూసేవాళ్లకి ఇదంతా ఆటే. ఏ పిల్లాడు ఏ మెట్టు మీదున్నాడో, వాడికి రేపు ఏం ఇవ్వాలో తెలియడానికి చదువు కావాలి. ఇంకోటి చూడండి, ఇద్దరు పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి బొమ్మతో వాళ్లు ఆడుకుంటుంటే, అయ్యో మావాడు కలవట్లేదే అని తల్లిదండ్రులు కంగారుపడతారు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ పిల్లల ఆటను గమనించి 1932లో రాసింది, అలా పక్కపక్కన ఆడటం కూడా కలిసి ఆడటానికి ముందు వచ్చే ఒక దశేనని. అది తెలిసిన టీచర్ బలవంతంగా చేతులు కలపదు. తెలియకపోతే ఇద్దరినీ ఒకే బొమ్మ మీదకి తోసి ఏడిపిస్తుంది.

కాలర్: ఊఁ... అయితే మరి అక్షరాలు ఎప్పటికమ్మా?

టీచర్: వస్తాయండీ, మీ మనవడికి రోజూ కథ చెప్పండి, వాడు చెప్పేది పూర్తిగా వినండి. అక్షరాలకు అదే పునాది. అన్నట్టు, కోడలు కోర్సుకు వెళ్లే పూట పిల్లాణ్ణి మీరు చూసుకుంటే ఆ అమ్మాయికి సగం బరువు దిగుతుంది.

కాలర్: (నవ్వు) సరే సరే, అర్థమైంది.

వ్యాఖ్యాత: బాబాయ్ గారికి డ్యూటీ పడిపోయింది. ఇంకొకరు, హలో.

కాలర్: నమస్తే అక్కా. నేను డిగ్రీ ఫైనలియర్. నాకు చిన్నపిల్లలంటే చాలా ఇష్టం, ఈ ఫీల్డ్‌కే రావాలనుంది. ఫ్రెండ్స్ నవ్వుతున్నారు, ఆయా పనా అని. మగవాళ్లను అసలు తీసుకుంటారా?

టీచర్: తీసుకుంటారు తమ్ముడూ, కాకపోతే తక్కువమంది ఉంటారు. నవ్వేవాళ్లకు గిజుభాయి బధేకా గురించి చెప్పు. ఆయన లాయరు. కొడుకు పుట్టాక పిల్లల చదువు మీద ధ్యాస మళ్లి, వకాలత్ వదిలేసి 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిరం అని పసిపిల్లల బడి పెట్టాడు. పెద్ద మీసాలు ఆయనకి, అందుకని ‘మీసాల అమ్మ’ అని పేరు పడిపోయింది. అయితే, పిల్లలంటే ఇష్టం అన్నావు చూడు, అది చాలదు. అరగంట ఇష్టంగా ఆడించడం వేరు, వానపడి బయటికి వెళ్లలేని రోజు, సగంమందికి జలుబు, ఒకడు కరిచాడు, ఇంకొకరు నిక్కరు తడిపేసుకున్నారు, తల్లి తలుపు దగ్గర నిలబడి ఏడుస్తోంది, అప్పుడు నీ గొంతు పెరగకుండా ఉండటం వేరు. ముందు ఏదైనా బడిలో కొన్ని వారాలు వాలంటీర్‌గా ఉండి చూడు.

కాలర్: తల్లిదండ్రులు అనుమానంగా చూస్తారేమో అక్కా, అదే భయం.

టీచర్: కొందరు చూస్తారు. దానికి కోపం తెచ్చుకోకు, వాళ్లది బిడ్డ గురించిన భయం. మంచి బడిలో నియమాలు ఆడా మగా అందరికీ ఒకటే. పోలీస్ వెరిఫికేషన్, ఎవరూ ఒక్క పిల్లాడితో మూసిన గదిలో ఉండకపోవడం, బాత్రూమ్ పనికి రాసిపెట్టుకున్న పద్ధతి. ఇంటర్వ్యూలో నువ్వే ఆ నియమాలేంటని అడుగు. అడిగినందుకు నిన్ను గౌరవిస్తారు, నీకూ రక్షణ. ఆ నియమాలే లేని బడి అయితే నువ్వు చేరకు.

వ్యాఖ్యాత: సమయం తక్కువుంది, ఇద్దరిని తీసుకుందాం. చెప్పమ్మా.

కాలర్: మేడం, నేను ఒక ప్లేస్కూల్‌లో హెల్పర్‌గా చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఇంటర్ వరకే చదివాను. కొత్తగా వచ్చే టీచర్లకు పిల్లల సంగతులు నేనే చెప్తాను, కానీ నన్ను మాత్రం టీచర్ అనరు.

టీచర్: బాధ ఉంటుందమ్మా, నేను అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు చూశాను, మీలాంటివాళ్ల చేతుల మీదే గది నడుస్తుంది. మీ దగ్గర అనుభవం ఉంది, రాత లేదు, అంతే తేడా. ఈ రోజే ఒక నోట్‌బుక్ కొనండి. రోజుకు ఒక్క పిల్లాడి గురించి నాలుగు వాక్యాలు రాయండి. ‘మొండిగా ఉన్నాడు’ అని రాయకండి, అది మీ అభిప్రాయం. ‘అమ్మ వెళ్లాక బ్లాకు విసిరాడు, తలుపు వైపు చూశాడు, మళ్లీ విసిరాడు, నేను ఆ బ్లాకు తెచ్చి చేతికిస్తే నా పక్కన కూర్చున్నాడు’ అని రాయండి. ఇలా చదివితే వాడు మొండివాడు కాదు, అమ్మ కోసం చూస్తున్నాడని ఎవరికైనా తెలుస్తుంది. ఆ పుస్తకం పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి, ఇంటర్ అర్హతతో చేసే డిప్లొమా చదువుతాను, ఫీజులో సాయం చేస్తారా, పరీక్షలప్పుడు సెలవిస్తారా అని సూటిగా అడగండి. కొన్ని దేశాల్లో పనిలో నేర్చుకున్నదాన్ని పరీక్షించి కోర్సులో కొంత భాగం మినహాయించే పద్ధతి కూడా ఉంది, మీకు దొరికే కోర్సులో అలాంటిదేమైనా ఉందేమో కనుక్కోండి.

కాలర్: రాయడం అంటే భయం మేడం, తప్పులు పోతాయి.

టీచర్: పోనివ్వండి. స్పెల్లింగ్ ఎవరూ దిద్దరు, మీరు చూసింది నిజంగా చూశారా లేదా అన్నదే చూస్తారు.

వ్యాఖ్యాత: చివరి కాలర్, త్వరగా అడగాలండి.

కాలర్: మేడం, సోమవారం నాకు డెమో క్లాస్ ఉంది. చార్టులు ఎన్ని తయారుచేసుకోవాలి?

టీచర్: ఒక్కటీ వద్దు. ఒక సంచిలో చప్పుడు చేసే వస్తువులు నాలుగు వేసుకెళ్లండి, పిల్లల ఎత్తుకు కింద కూర్చోండి, ఒకటి లోపలే కదిపి ఆగండి. ఏంటది అని వాళ్లే అడిగేదాకా ఆగండి. వెనక కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్ల వైపు చూడొద్దు. మధ్యలో ఎవరైనా లేచి వెళ్లిపోతే పిలవకండి, వినిపించే దూరంలోనే ఉంటారు. గోళ్లు కత్తిరించుకుని, కింద కూర్చోవడానికి వీలైన బట్టలు వేసుకెళ్లండి.

వ్యాఖ్యాత: ఆల్ ది బెస్ట్ అండి. లైన్‌లో ఉండిపోయినవాళ్ల ప్రశ్నలు వచ్చే వారం తీసుకుంటాం, మేడం మళ్లీ వస్తానన్నారు. నమస్కారం.