రిలీజ్‌కి రెండు రోజులే ఉంది: ముందు ఏది టెస్ట్ చెయ్యాలి?

నమస్కారం. ఎల్లుండి రిలీజ్, ఉన్నది ఇద్దరు టెస్టర్లు. చాలామంది లాగిన్ పేజీతో మొదలుపెట్టి స్క్రీన్ల వరసలో పోతారు. డబ్బు లెక్కల దగ్గరికి వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. ఆ వరస వదిలేయండి.

నెల్లూరు వైపు రొయ్యలు కొనే వ్యాపారుల కోసం చేసిన యాప్ అనుకుందాం. అందులో ఉండే పనులు: కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో), తూకం, బిల్లు, రైతుకి మెసేజ్, నెల రిపోర్టు. ఒక్కోదానికి 1 నుంచి 5 లోపు రెండు మార్కులు వెయ్యండి: తప్పు ఉండే అవకాశం ఎంత, ఉంటే నష్టం ఎంత. రెండూ గుణించండి. బిల్లుకి నాలుగైదుల 20, రిపోర్టుకి రెండు రెళ్లు 4. ఎక్కువ వచ్చినదాన్ని ముందు టెస్ట్ చెయ్యండి.

మొదటి మార్కు ఊహించి వెయ్యొద్దు. గిట్ లాగ్ (కోడ్‌లో ఎప్పుడు ఏం మార్చారో చూపే జాబితా) తీసి, మూడు నెలల్లో ఏ ఫైలు ఎక్కువసార్లు మారిందో చూడండి. పాత బగ్‌లు కూడా చూడండి. అయితే సున్నా బగ్‌లున్న మాడ్యూల్‌ని నమ్మేయకండి, దాన్ని ఎవరూ ముట్టుకోలేదేమో కనుక్కోండి. నష్టం సంగతి డెవలపర్‌ని కాదు, కాటా దగ్గర నిలబడే గుమాస్తాని అడగండి.

ఇప్పుడు బిల్లులోకి వద్దాం. కిలోకి 40 రొయ్యలు తూగితే 40 కౌంట్. కౌంట్ పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది. రెండు శాంపిళ్లు 40, 41 వచ్చాయి, సగటు 40.5. ఏ రేటు వెయ్యాలి? పైథాన్‌లో రౌండ్ చేస్తే 40 వస్తుంది, జావాస్క్రిప్ట్‌లో మ్యాథ్ రౌండ్ వాడితే 41. ఫోన్‌లో ఒకటి, సర్వర్‌లో ఇంకొకటి ఉంటే రైతు చూసిన బిల్లు వేరు, ఆఫీసులో పడిన బిల్లు వేరు. కిలోకి 10 రూపాయల తేడా ఉన్నా 3 టన్నులకి 30 వేలు! ఆ డబ్బు రైతుది. అందుకే సగం వస్తే ఎటు వెయ్యాలో వ్యాపారితో ముందే రాయించుకోండి. తర్వాత 39.5, 40, 40.5, 41 నాలుగూ ఇచ్చి చూడండి.

ఇంకోటి, చెరువు గట్టు మీద సిగ్నల్ నిలకడగా ఉండదు. సేవ్ నొక్కిన వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, మళ్లీ సేవ్ నొక్కండి, తర్వాత నెట్ ఆన్ చెయ్యండి. సర్వర్‌లో ఒకే లోడుకి రెండు బిల్లులు పడ్డాయా చూడండి. ఒక్కసారి చేసి వదలకండి, పదిసార్లు చెయ్యండి, ఎందుకంటే ఇది టైమింగ్ మీద ఆధారపడే తప్పు.

మొదటి రోజు మధ్యాహ్నం మార్కులు మళ్లీ వెయ్యండి. తూకంలో అనుకోకుండా మూడు బగ్‌లు దొరికితే సాయంత్రమంతా అక్కడే కూర్చోండి, బగ్‌లు గుంపుగా ఉంటాయి. రిపోర్టుకి పదిహేను నిమిషాలు చాలు.