ఎంతకు కొన్నారు?

శ్రోతలకు నమస్కారం.

మా ఊళ్లో ఒకప్పుడు రెండు సినిమా హాళ్లుండేవి. అందులో ఒకదానికి మేనేజరుగా చేసినాయన మా నాన్నకి స్నేహితుడు. నేను బాబాయ్ అనే పిలిచేవాణ్ని. ఆయన టేబులు సొరుగులో అట్ట చిరిగిన పొడుగు పుస్తకం ఒకటి ఉండేది. ఏ రోజు, ఏ ఆట, బాల్కనీ టిక్కెట్లు ఎన్ని తెగాయి, నేల టిక్కెట్లు ఎన్ని తెగాయి, అంతా అందులో బాల్‌పెన్నుతో రాసుకునేవారు. సినిమా ఎలా ఉంది బాబాయ్ అని అడిగితే కథ చెప్పేవారు కాదు. సొరుగు లాగి పుస్తకం తీసేవారు.

ఈ రోజు మాట్లాడుకునేది ఒక రకం సినిమాల గురించి. రాజులో, సంస్థానాలో ఉంటాయి. కత్తులూ గుర్రాలూ ఉంటాయి. వాటితోపాటు ఒక ప్రేతాత్మో, శాపమో, పూనకమో, మరుజన్మో ఉంటుంది. ఇలాంటి సినిమా వస్తోందంటే చాలు, ఆరు నెలల ముందు నుంచే లెక్కలు మొదలు. టీజరు చూసి గ్రాఫిక్స్ మీద తీర్పులు, మొదటి రోజు ఎంత చేస్తుందని పందేలు, సమీక్షల్లో మూడు చుక్కలొస్తాయా రెండున్నరతో సరిపెడతారా అని టెన్షన్. ఈ అంచనాలు ఎక్కడ పుడతాయో, ఎందుకు తప్పుతాయో బాబాయ్ పుస్తకం చూశాకే నాకు కొంచెం తెలిసింది.

2004 సంక్రాంతికి వెళ్దాం. జనవరి 14న 'వర్షం', 'లక్ష్మీనరసింహా' వచ్చాయి. మర్నాడు 15న 'అంజి'. చిరంజీవి హీరో, కోడి రామకృష్ణ దర్శకుడు, శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాత. 1995లో 'అమ్మోరు' తీసిన ఇద్దరే వీళ్లు. తెలుగులో గ్రాఫిక్స్‌తో ఏం చెయ్యొచ్చో పల్లెటూళ్ల దాకా చూపించిన సినిమా అది. ఇక 'అంజి' ఏళ్ల తరబడి సెట్ల మీదే ఉండిపోయింది. 72 ఏళ్లకోసారి ఆకాశగంగ దిగివచ్చి ఆత్మలింగాన్ని తాకుతుంది, ఆ నీళ్లు తాగినవాడికి చావుండదు, ఇదీ కథకి మూలం. ఆలస్యమైన ప్రతి ఏడూ ఖర్చు పెరిగింది, అప్పు మీద వడ్డీ పెరిగింది. జనం ఊహకీ చక్రవడ్డీ కట్టినట్టయింది. పేపర్లో ఒక్క ఫొటో వస్తే దాని మీద వారం రోజులు మాట్లాడుకునేవాళ్లం.

చివరికి ఏమైంది? స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు వచ్చింది. డబ్బులు మాత్రం ఆశించినట్టు రాలేదు. నేను ఆ సినిమా రెండుసార్లు చూశాను, ఆఖరి అరగంట ఇప్పటికీ ఇష్టం. కానీ ఆ లింగం దుర్మార్గుడి చేతికి చిక్కితే మా ఊళ్లో నాకేం పోతుందో నాకప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. బాబాయ్ పుస్తకంలో ఆ పండగ పేజీ మొదట్లో నిండుగా ఉంది. నాలుగైదు రోజులు దాటాక అంకెలు చిక్కిపోయాయి. ఆయన ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నారు. ఎందుకని అడిగితే, "గుర్తుకి" అన్నారు.

అయిదేళ్ల తర్వాత, 2009 సంక్రాంతి. అదే నిర్మాత, అదే దర్శకుడు. మళ్లీ గ్రాఫిక్స్. ఈసారి హీరో కూడా లేడు. సినిమా పేరు 'అరుంధతి'. డిస్ట్రిబ్యూటర్ మనిషి వచ్చి అడ్వాన్సు సంగతి ఎత్తితే, బాబాయ్ సొరుగు లాగి ఆ మూల మడిచిన పేజీ చూపించారు. "ఆడపిల్ల కత్తి పడితే మా ఊళ్లో రెండో ఆటకి ఎవడొస్తాడు సార్" అన్నారు. ఆ సినిమా ఎదురు హాలుకి వెళ్లింది.

అనుష్క అప్పటికి 'విక్రమార్కుడు' లాంటి సినిమాల్లో హీరో పక్కన కనిపించిన అమ్మాయి. పోస్టరు మీద ఆమె ఒక్కతే ఉంటే ఓపెనింగ్స్ ఎలా వస్తాయని అందరిదీ ఒకటే మాట. జనవరి 16న సినిమా విడుదలైంది. మొదటి రోజు ఎదురు హాల్లో గొప్ప హడావిడేం లేదు. మూడో రోజు నుంచి కథ మారింది. రెండో ఆటకి ఆడవాళ్లు వచ్చారు. ఒక్కొక్కరుగా కాదు, వీధికి వీధి కలిసి ట్రాక్టర్లలో వచ్చారు. ఇంటర్వెల్‌లో గోలీసోడా కొట్టు దగ్గర ఒకావిడ పిల్లాడి చెవులు రెండు చేతులతో మూసి, తను మాత్రం తలుపు సందులోంచి తెర వైపే చూస్తూ నిలబడింది. ఆట మళ్లీ ఇంకా మొదలవలేదు. తెర మీద వచ్చేవి సబ్బు ప్రకటనలు. అయినా చెయ్యి తియ్యలేదు.

ఆ భయం గ్రాఫిక్స్ వల్ల ఒక్కటే వచ్చిందంటే నేనొప్పుకోను. సోనూసూద్ పోషించిన పశుపతికి, అంటే ఆ ప్రేతానికి, రవిశంకర్ గొంతు అరువిచ్చారు. 'వదల బొమ్మాళీ' అన్న ఆ గొంతు ఎంత పనిచేసిందంటే, ఆయన పేరుకి ముందు బొమ్మాళి అన్న మాట శాశ్వతంగా అతుక్కుపోయింది. దానికంటే పెద్ద సంగతి ఇంకోటుంది. ప్రేతాన్ని చంపాలంటే మామూలు ఆయుధం పనికిరాదు, కథలో వెనకటి తరం అరుంధతి అయిన జేజెమ్మ ప్రాణత్యాగం చేసి తన ఎముకలతో చేయించిన ఆయుధమే కావాలి. ఇది వినగానే మనకి ఎవరు గుర్తొస్తారు? దధీచి. వజ్రాయుధం కోసం వెన్నెముక ఇచ్చిన మహర్షి. హరికథల్లో, పురాణ కాలక్షేపాల్లో తరతరాలుగా విన్న న్యాయమే అది. అందుకని హాల్లో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. చావులేని నీళ్లు దూరపు సంగతి, ఇంటి ఆడపడుచు ఎముక దగ్గరి సంగతి.

చరిత్ర సంగతంటారా, సినిమాలో గద్వాల సంస్థానం పేరు చెప్పారు. తెర మీద కనిపించే ఆ బంగళా మాత్రం గద్వాలలో లేదు, బనగానపల్లెలో ఉంది. నవాబుల కాలం నాటిది. యాగంటి వెళ్లేవాళ్లు దారిలో ఆగి ఇప్పటికీ అరుంధతి బంగళా ఎటు అని అడుగుతారు. తుంగభద్రకి అటు ఉండాల్సిన కోట ఇటు ఉందని ఒక్క ప్రేక్షకుడు కూడా టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడగలేదు. చరిత్ర తప్పులకి మనవాళ్లు ఉదారంగా ఉంటారు. దెయ్యం విషయంలో మాత్రం మహా ఖచ్చితం. ముందు చెప్పిన నియమం తర్వాత తప్పిందా, హాల్లో ఈలలు మొదలవుతాయి.

ఇప్పుడు డబ్బుల దగ్గరికి వద్దాం. హైదరాబాద్ మల్టీప్లెక్సులో మనం కొనే 295 రూపాయల టిక్కెట్టు తీసుకోండి. అందులో అసలు ధర 250, మిగతా 45 రూపాయలు జీఎస్టీ, అంటే 18 శాతం. ఆ 250లో మొదటి వారం ఇంచుమించు సగం హాలు వాళ్లది. సినిమా వైపు వచ్చేది 125 రూపాయల చిల్లర. ఈ 125ని షేర్ అంటారు. మన చేతిలోంచి పోయిన 295ని గ్రాస్ అంటారు. పోస్టర్ల మీద ఎప్పుడూ గ్రాసే వేస్తారు, అంకె పెద్దది కాబట్టి. మామూలు హాళ్లలో అద్దె పద్ధతిలో లెక్క ఇంకోలా ఉంటుంది. ఆ అద్దె వద్దు, మాకూ పర్సంటేజీ ఇవ్వండని 2025 వేసవిలో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, హాళ్లు మూసేస్తామనేదాకా వెళ్లారు. ఏ పద్ధతిలో లెక్కేసినా, వంద కోట్ల గ్రాస్ అంటే కొన్నవాళ్ల చేతికి అందులో సగం, కాస్త అటూ ఇటూగా.

కొన్నవాళ్లు అంటే ఎవరు? నైజాం ఒకరు, సీడెడ్ ఒకరు, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, ఇలా ముక్కలు ముక్కలుగా కొంటారు. సరదాగా గమనించండి, నిజాం రాజ్యం పోయి ముప్పావు శతాబ్దం దాటింది. సీడెడ్ అంటే 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకి ఒప్పజెప్పిన ప్రాంతం. తెర మీద చరిత్ర నిజమో కాదో గానీ, టిక్కెట్ల వ్యాపారం మాత్రం ఇవాళ్టికీ ఆ పాత పటం పట్టుకునే నడుస్తోంది.

ఒక సినిమా తెలుగు రాష్ట్రాల్లో 30 కోట్ల షేర్ తెచ్చిందనుకుందాం. హక్కులు 15 కోట్లకి అమ్మి ఉంటే కొన్నవాళ్లు స్వీట్లు పంచుతారు. 60 కోట్లకి అమ్మి ఉంటే సగం మునిగినట్టే, వాళ్ల ఇళ్లలో దీపం వెలగదు. రెండు చోట్లా సినిమా అదే, చప్పట్లు కొట్టిన జనం అంతే. దెయ్యాల, రాజుల సినిమాలకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కోటలూ సైన్యాలూ కంప్యూటర్లో కట్టాలి, అవి ఆలస్యమవుతాయి, ఆలస్యానికి వడ్డీ తోడవుతుంది. ఆ వడ్డీ అంతా ఏరియా రేట్ల మీద పడుతుంది. ప్రేక్షకుడు ఇంకా ట్రైలరైనా చూడకముందే ఆ సినిమా ఎంత ఆడాలో ఒక గదిలో నిర్ణయమైపోయి ఉంటుంది.

అందరికీ అలాగే జరుగుతుందని కాదు. అదే 2009 జూలై 31న 'మగధీర' వచ్చింది. 400 ఏళ్ల నాటి ఉదయ్‌ఘడ్, మరుజన్మ. 35 కోట్ల పైన ఖర్చంటే అప్పట్లో పిచ్చి అనుకున్నారు. అప్పటిదాకా తెలుగులో ఏ సినిమాకీ రానంత డబ్బు దానికి వచ్చింది. భారీ రేటుకి సరిపడా సినిమా దొరికితే అంతే మరి.

బయటి దేశాల్లోనూ ఈ కథ ఉంది. జపాన్‌లో 1703 ప్రాంతంలో, ప్రభువు చావుకి పగ తీర్చుకుని తామూ ప్రాణాలిచ్చిన సమురాయిల ఉదంతం ఒకటుంది. వాళ్ల సమాధులు టోక్యోలోని సెన్‌గకుజి ఆలయంలో ఉన్నాయి, జనం ఇప్పటికీ అక్కడ అగరొత్తులు వెలిగిస్తారు. హాలీవుడ్ దానికి మంత్రగత్తెనీ వింత జంతువులనీ కలిపి, కీను రీవ్స్‌ని పెట్టి 2013లో '47 రోనిన్' తీసింది. ఖర్చు 17 కోట్ల డాలర్ల పైన. అమెరికాలో విడుదల కాకముందే స్టూడియో తన పద్దుల్లో నష్టం రాసేసుకుంది. సొంత ఊరు జపాన్‌లోనే తొలి వారాంతం తుస్సుమంది. అగరొత్తి వెలిగించే చోటికి అరువు దెయ్యాన్ని తీసుకెళ్తే అంతే అవుతుంది.

దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 'కాంతార'. 2022 సెప్టెంబరు 30న కన్నడంలో, అక్టోబరు 15న తెలుగులో వచ్చింది. రిషబ్ శెట్టి పేరు అప్పటికి మనలో చాలామందికి తెలియదు. ఊరేగింపులు లేవు, పెద్ద పెద్ద కటౌట్లు లేవు. కర్ణాటక తీరాన తుళునాడులో మనిషికి దైవం పూనే భూతకోలం, పంజుర్లి, గుళిగ దైవాలు. మనకి కొత్త పేర్లే, కొత్త సంగతి మాత్రం కాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడినవాళ్లకి పూనకం అంటే ఏమిటో సబ్‌టైటిల్ వేసి చెప్పాలా? పోతరాజు కొరడా చప్పుడు వింటూ పెరిగినవాడికి ఆ ఆఖరి అరుపు అర్థం కాకపోతుందా?

ఆ సినిమాకి అంచనాలు లేకపోవడమే కలిసొచ్చింది. తర్వాతి భాగం, 'కాంతార చాప్టర్ 1'కి ఆ సుఖం లేదు. కదంబుల కాలానికి వెళ్లారు, సైన్యాలొచ్చాయి, పులులొచ్చాయి, ఖర్చు ఎన్నో రెట్లయింది. 2025 అక్టోబరు 2, సరిగ్గా దసరా రోజు విడుదల. ప్రపంచమంతా కలిపి 800 కోట్ల గ్రాస్ దాటింది. నా మటుకు నాకు మొదటి సగంలో హాస్యం పానకంలో పుడకలా తగిలింది. దైవం వచ్చిన రెండు ఘట్టాల్లో మాత్రం వెనక్కి ఆనుకోలేకపోయాను. ఆ మాట చాలామంది సమీక్షకులూ కాస్త అటూ ఇటూగా రాశారు.

సమీక్షకుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. వాళ్ల పని ఇప్పుడు కష్టమైపోయింది. అమెరికాలో ముందురోజు ప్రీమియర్ పడుతుంది, ఇక్కడ కోడి కూయకముందే చుక్కలు వచ్చేస్తాయి. గంటలో రాసేవాడికి మొదట కంటపడేది గ్రాఫిక్సే, రాజు కిరీటం అట్టతో చేసినట్టుందా అన్నదే. గోలీసోడా కొట్టు దగ్గర చెవులు మూసిన ఆ తల్లి వాళ్ల రాతల్లోకి రాదు, ఆవిడ వచ్చేది మూడో రోజు కాబట్టి. ఇలాంటి సినిమాలకి మొదటి రోజు టాక్ కన్నా సోమవారం మ్యాట్నీ నమ్మకమైన సమీక్ష.

2022 ఆగస్టులో అది బాగా తెలిసింది. జనం హాళ్లకి రావడం లేదని, ఖర్చులు అదుపు తప్పాయని నిర్మాతలు ఆ నెల 1వ తేదీ నుంచి షూటింగులే ఆపేశారు. సరిగ్గా 5వ తేదీన కళ్యాణ్‌రామ్ 'బింబిసార' వచ్చింది. కొత్త దర్శకుడు, క్రూరుడైన రాజు, కాలంలో ప్రయాణం. బుద్ధుడి కాలం నాటి మగధ రాజుకీ ఈ త్రిగర్తల రాజుకీ పేరు తప్ప పోలిక లేదు. అయినా హాళ్లు నిండాయి. అదే రోజు వచ్చిన 'సీతారామం' కూడా నిండింది. షూటింగులు బందు, టిక్కెట్ల దగ్గర క్యూలు, రెండూ ఒకే వారంలో.

బాబాయ్ పనిచేసిన హాలు ఇప్పుడు లేదు, ఫంక్షన్ హాలయింది. ఆయనకి డెబ్భై దాటాయి. పుస్తకం ఇంట్లో బీరువాలో ఉంది. 'అరుంధతి'ని వదులుకున్న సంగతి ఎత్తితే మొన్నటిదాకా మాట మార్చేవారు. కిందటి దసరాకి వెళ్లినప్పుడు ఆయనే చెప్పారు. మూడో వారం రెండో ఆటకి, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎదురు హాల్లో నేల టిక్కెట్టు కొనుక్కుని చూశారట. భయమేసిందా బాబాయ్ అన్నాను.

"తెర వైపు ఎక్కడ చూశాన్రా," అన్నారు, "వెనక్కి తిరిగి తలకాయలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా."

నమస్కారం.